నిండుగా కనబడే కంప్యూటర్

కంప్యూటర్ కొనేముందు ఏమేం చూసుకోవాలో నవీన్ తన వదినకు అన్నం తింటున్నంతసేపూ చెప్పాడు. కంచంలో చెయ్యి ఎండిపోయింది గానీ మాట ఎండిపోలేదు. ర్యామ్ ఎంత ఉండాలి, హార్డ్ డిస్కు ఎంత ఉండాలి, లోపలి చిప్పు ఏ తరానిది అయితే మంచిది, అన్నీ అప్పజెప్పి, మజ్జిగ పోసుకుంటూ, "ఇగ అడుగు వదినె, ఏమన్న అనుమానముంటె" అన్నాడు.

రాజలక్ష్మికి ఉన్నది ఒక్కటే అనుమానం.

"దాంట్ల మనిషి బక్కగైతే తెలుస్తదా?" అని అడిగింది.

నవీన్ మజ్జిగ గ్లాసు కింద పెట్టేశాడు. అతను చదివిన ఇన్ని రివ్యూల్లో ఆ సంగతి ఒక్కడూ రాయలేదు మరి.

ఆమె అడిగినదాంట్లో తప్పేముందో మీరే చెప్పండి. మొగుడు లింగన్న షార్జా పోయి మూడేళ్లయింది. వారం వారం ఫోన్ చేస్తాడు. ఎట్లున్నవంటే మంచిగున్న అంటాడు. తిన్నవా అంటే తిన్న అంటాడు. నరం లేని నాలుక ఎటు తిప్పితే అటు తిరుగుతుంది, దానికేం కష్టం? ఆమెకు నమ్మకం పోయింది మాత్రం చందుర్తి మైసయ్య వల్ల. మైసయ్య లింగన్నతో ఒకే క్యాంపులో ఉండి, ఆ ఎండాకాలం ఇంటికొచ్చాడు. లింగన్న పంపిన సబ్బులూ సెంటుసీసా ఇచ్చిపోదామని కోరుట్ల దాకా వచ్చి, చాయ్ తాగుతూ, "అన్న ఇప్పుడు మంచిగనే ఉన్నడు వదినె" అన్నాడు.

ఆ 'ఇప్పుడు' అన్న మాటను రాజలక్ష్మి గభాలున పట్టుకుంది.

"అప్పుడేమైంది?"

మైసయ్యకు పొలమారింది. "ఏం లే వదినె. కామెర్లయినయ్. రెండు దినాలు దవాఖాన్ల ఉండె, గంతే" అని, సగం చాయ్ వదిలిపెట్టి సిరిసిల్ల బస్సు పోతుందని లేచి ఉరికాడు. లింగన్నను ఫోన్లో నిలదీస్తే, "వాని మాటలేంది, నేను బండలెక్క ఉన్న" అని నవ్వేశాడు.

అప్పటినుంచి రాజలక్ష్మికి అన్నం గొంతు దిగదు. ఆమె ఒకటే అనుకుంది. మనిషిని కళ్లారా చూడాలి. బాగుంటే సరే, మిగిలిన ఏడాది చేసుకొని రానీ. బక్కచిక్కి ఉన్నాడా, ఇక షార్జా లేదు గీర్జా లేదు, ఇంటికొచ్చి ఉన్నదే తిననీ. ఆ ఒక్క ముచ్చట తేల్చుకోవడానికే కంప్యూటర్. పాటలకు కాదు, ఆటలకు కాదు, నవీన్ చెప్పిన ర్యామ్‌కు అసలే కాదు.

నవీన్ లింగన్నకు తమ్ముడు. జగిత్యాలలో ఇంజనీరింగు చదువుతున్నాడు. చదువుతున్నాడంటే, ఆ రోజుల్లో సకల జనుల సమ్మె నడుస్తోంది గదా, కాలేజీకి తాళం. పొద్దున ధర్నాలో కూచోవడం, మధ్యాహ్నం కరెంటుంటే నెట్ సెంటర్లో కూచోవడం. అక్కడ కూచుని కంప్యూటర్ల మీద లోకంలో ఎవరెవరు ఏమేం రాశారో చదివి, చివరికి ఒకదాన్ని తేల్చుకొచ్చాడు.

"దీనికి అయిదు చుక్కలకు నాలుగున్నర చుక్కలిచ్చిండ్రు వదినె."

"ఎవలిచ్చిండ్రు?"

"కంప్యూటర్లను పరీక్ష జేసేటోళ్లు. బెంగుళూర్ల, అమెరికాల ఉంటరు. నడిపి చూసి, మంచిచెడ్డ రాస్తరు. తెర బాగున్నదట. ఏ రంగు ఉంటె గదే రంగు కనబడ్తదట."

"వాళ్ల పెండ్లాలు షార్జాల ఉన్నరా?"

"షార్జాల ఎందుకుంటరు?"

"మరి వాళ్లకేం తెలుస్తది?"

నవీన్‌కు ఒళ్లు మండింది. ఇన్ని గంటలు కళ్లు పోయేలా చదివొస్తే ఇదా మర్యాద అనుకున్నాడు. కానీ రాజలక్ష్మి పద్ధతి వేరు. కుక్కర్ కొన్నా, బర్రెను కొన్నా, దాన్ని ఇంట్లో పెట్టుకొని వాడినవాళ్లను అడిగిగానీ కొనదు. ఆ వాడకట్టులో అందరిదీ అదే పద్ధతి. చాటెడు తునికాకు ఒళ్లో పెట్టుకొని బీడీలు చుట్టే గంగవ్వ ఒక వస్తువు బాగుందంటే నాలుగిళ్లలోకి అదే వస్తువు వస్తుంది. బాగాలేదంటే ఆ కంపెనీవాడు మూటాముల్లె సర్దుకోవలసిందే.

గంగవ్వది పక్కిల్లే. కొడుకు దోహాలో ఉన్నాడు. ఆ వాడలో మొదట కంప్యూటర్ వచ్చింది ఆమె ఇంటికే. రాజలక్ష్మి పోయి పక్కన కూచోగానే, బీడీ మొన మడుస్తూనే తీర్పు చెప్పేసింది.

"మా పోరడు పోయేటప్పుడు కట్టెలెక్క ఉండె పిల్లా. ఇప్పుడు కంప్యూటర్ల జూస్తె మొగమంత నిండింది. చూస్తాంటె పానం సల్లగైతది. జగిత్యాల్ల ఆగయ్య దుకాణంలనే కొను. వేరే తాన కొనకు."

"వేరే తాన కొంటె ఏమైతది అత్తా?"

"సమ్మక్కకేమైందో ఎరుకలేదా?"

సమ్మక్క సంగతి వాడంతా తెలుసు. ఆమె తొందరపడి ఇంకో ఊళ్లో ఇంకో దుకాణంలో కొన్నది. అందులో ఆమె మొగుడు పీనుగలా కనిపించాడు. రెండు రోజులు పొయ్యి ముట్టించలేదు. ఆఖరికి దాన్ని ఎవరికో అంటగట్టి, ఆగయ్య దగ్గర ఇంకొకటి తెచ్చుకుంది. వారం తిరక్కముందే మొగుడు గుండ్రంగా తయారయ్యాడు. దీన్ని మించిన రివ్యూ ఏ అమెరికావాడు రాస్తాడు?

ఇంకా విచిత్రం, నవీన్ నాలుగున్నర చుక్కల కంప్యూటరూ ఆగయ్య దుకాణంలోనే దొరుకుతుందట. వదినా మరిదీ ఇద్దరూ తామే గెలిచామనుకుంటూ ఆటో ఎక్కారు. బస్సులు లేవు, అవీ సమ్మెలోనే ఉన్నాయి.

ఆగయ్య దుకాణం షట్టర్ సగం దించి ఉంది. మెడలో జై తెలంగాణ కండువా, చేతిలో బిల్లు పుస్తకం. సమ్మె సమ్మెనే, బేరం బేరమే అన్నది ఆయన సిద్ధాంతం. ఇద్దరూ వంగి లోపలికి పోయారు. నవీన్ కూచుని ప్రశ్నలు మొదలుపెట్టాడు. రివ్యూలో ఇట్లా రాశారు నిజమేనా, అట్లా రాశారు నిజమేనా అని.

"రివ్యూల గట్ల రాసిండ్రా తమ్మీ? అయితె గట్లనే ఉంటది" అన్నాడు ఆగయ్య అన్నిటికీ.

రాజలక్ష్మి మాత్రం తన ఒక్క ప్రశ్నా అడిగింది. మనిషి ఎట్లున్నడో తెలుస్తదా అని. ఆగయ్య ఆమెను ఒకసారి ఎగాదిగా చూసి, "ఆయన ఏడ ఉంటడక్కా?" అన్నాడు.

"షార్జాల."

"అట్లనా. ఫికర్ జెయ్యకు. మంచిగ కనబడ్తడు."

ఇన్వర్టర్ మీద కంప్యూటర్ నడిపి, కెమెరా బిగించి, ఆమెను ముందు కూచోబెట్టాడు. తెర మీద రాజలక్ష్మి కనిపించింది. ఎంత బాగుందనుకున్నారు! బుగ్గలు నిండి, మెడ నిండి, పెళ్లయిన కొత్తలో పుట్టింటి నుంచి వచ్చినప్పటి రాజలక్ష్మి. ఆమెకే సిగ్గేసి కొంగు సర్దుకుంది. వెనకాల నిలబడ్డ నవీన్ కూడా తన ఛాతీ ఇంత విశాలమని అప్పుడే కనుక్కొని, కాస్త విరుచుకు నిలబడ్డాడు. అక్షరాలు కూడా వెడల్పుగా ఉన్నాయి. "సదువుకోనికి మంచిగుంటది వదినె, పెద్దగ కనబడ్తయ్" అన్నాడు. ఇదీ మన ఇంజనీరు గారి పరీక్ష.

కంప్యూటర్ కొనుక్కొని వచ్చేటప్పుడు సగం దారిలో రాస్తారోకో. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. ఆటో ఆపి, డబ్బా దింపించి, తినిపోతే గానీ పోనియ్యమన్నారు. డబ్బా మీదే విస్తరి పరిచి వడ్డించారు. పప్పు బాగుంది. ఒక పెద్దమనిషి పక్కన కూచుని డబ్బాను తట్టి, "గిండ్ల అన్నీ అస్తయంటరు గదా, తెలంగాణ ఎప్పుడస్తదో అస్తదా?" అని అడిగాడు. నవీన్ దానికీ ఏదో చెప్పబోతే, "తినురా, అన్నం సల్లగైతది" అని రాజలక్ష్మి నోరు మూయించింది. ఒక్కొక్కరికి ఒక్కొక్కటి కావాలి, ఏం చేస్తాం?

శుక్రవారం షార్జాలో సెలవు. మధ్యాహ్నం కరెంటుండే వేళ చూసుకొని నవీన్ నెట్‌లో వీడియో కాల్ కలిపాడు. ఇల్లంతా ఆడవాళ్లు. గంగవ్వ అందరికంటే ముందు, పెళ్లి చేయించిన పెద్దలా కూచుంది. తెర రెండుసార్లు మిణుకుమని, లింగన్న కనిపించాడు.

నిండు పున్నమి చంద్రుడిలా ఉన్నాడు. చెంపలు ఈ చెవి నుంచి ఆ చెవి దాకా ఉన్నాయి. భుజాలు తెరలో పట్టడం లేదు.

"చెప్పలేదానె నేను" అంది గంగవ్వ.

రాజలక్ష్మికి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎన్ని నెలల బరువు అది, ఒక్కసారిగా దిగిపోయింది. మైసయ్యను మనసులో నాలుగు తిట్టుకొని, నవ్వూ ఏడుపూ కలిపి, "ఏం తింటున్నవయ్యా, గంత దొడ్డుగైనవ్?" అంది.

లింగన్న బిత్తరపోయాడు. వెనక్కి తిరిగి చూసుకున్నాడు, ఇంకెవరినైనా అంటోందేమోనని. తర్వాత ముఖం వెలిగిపోయింది. "ఆఁ, గదే, మంచిగ తింటున్న" అన్నాడు. మరుక్షణమే కళ్లు చిట్లించి దగ్గరికి జరిగాడు.

"నువ్వేంది రాజీ, గట్ల బక్కగైనవ్?"

"నేనా? నీ కండ్లు ఖరాబైనయా? గీ మూలకు నా బొమ్మ నాకు కనబడ్తనే ఉన్నది. లడ్డు లెక్క ఉన్న."

"నాకు బక్కగనే కనబడ్తున్నవ్."

"గయితె నీ కంప్యూటర్ ఖరాబైంది. ఎవనిదది?"

"పక్క మంచపోనిది. కొత్తదే."

"కొత్తదైతే ఏంది, మాది నాలుగున్నర చుక్కలది."

ఆడవాళ్లంతా నవ్వారు. లింగన్న నవ్వలేదు. "నీ గాజులు మోచేతి దాక జారుతున్నయ్" అన్నాడు మెల్లగా.

రాజలక్ష్మి చెయ్యెత్తి చూసుకుంది. నిజమే. మణికట్టు మీద ఉండవలసిన గాజులు గలగలమని మోచేతికి పోయి ఆగాయి. ఆ చేతినే తెర మూలన చూసింది. అక్కడ చెయ్యి నిండుగా, ముద్దుగా ఉంది. గాజులు మాత్రం అడ్డంగా పడుకోబెట్టిన కోడిగుడ్డులా ఉన్నాయి. ఆమె ఇంకా చూస్తుండగానే కరెంటు పోయింది.

అందరూ సంతోషంగా లేచి ఇళ్లకు పోయారు. రాజలక్ష్మి లేవలేదు. ఒక గాజు తీసి చేతిలో తిప్పుతూ కూచుంది. కరెంటు రాగానే నవీన్‌ను పిలిచి, గాజును కెమెరా ముందు పట్టుకుంది.

"నవీన్, మనిషి దొడ్డుగైతడు. గాజు ఎట్ల దొడ్డుగైతది?"

నవీన్ చూశాడు. గాజు లాక్కొని తనే పట్టుకున్నాడు. తర్వాత రూపాయి బిళ్ల పట్టుకున్నాడు. తర్వాత వంటింట్లోకి పోయి కంచం తెచ్చి పట్టుకున్నాడు. అన్నీ కోలగానే ఉన్నాయి. అతని ముఖం మాత్రం చిన్నబోయి ఇంతే అయింది. ఏవేవో తెరిచి చూసి, నెత్తి మీద ఠప్పున కొట్టుకున్నాడు.

"తెరనేమో వెడల్పుది వదినె. లోపలి లెక్క పాత చౌకం తెరకు పెట్టిండు. రొట్టెను రెండు దిక్కుల పట్టి గుంజినట్టు బొమ్మను గుంజి పరిచిండు. అందుకే అందరు దొడ్డుగున్నరు."

"నాలుగున్నర చుక్కలోళ్లకు గిది కనబడలేదా?"

"వాళ్ల తాన సక్కగనే ఉండె కావచ్చు. గీ పని మన ఆగయ్యది."

వెంటనే ఆగయ్యకు ఫోన్ కలిపి, వదినకు కూడా వినిపించేలా పెట్టాడు. ఆగయ్య బుకాయించలేదు. దొరికిన దొంగలా కాక, అలిసిపోయిన మనిషిలా మాట్లాడాడు.

"అవ్ తమ్మీ, నేనే పెట్టిన. మొదట సక్కగనే పెట్టి ఇస్తుంటి. ఒకామె మూడోనాడే డబ్బ నెత్తినవెట్టుకొని అచ్చింది. మా ఆయన నీ దాంట్ల రోగిష్టోని లెక్కున్నడు, మార్చు అన్నది. ఏం మార్చాలె నేను? ఆమె మొగన్ని మార్చాల్నా? ఒకనాడు అనుకోకుంట గిట్ల అయింది. ఆమె చూసి ఏడ్సుకుంట నాకు దండం పెట్టింది. గప్పటిసంది గల్ఫోళ్ల ఇండ్లకు పోయేటియన్ని గిట్లనే పంపుతున్న."

"మోసం గాదా అన్నా గిది?"

"మోసమైతె వాపస్ తేవాలె గద తమ్మీ. సక్కగ పెట్టినయే వాపస్ తెచ్చిండ్రు."

 దీనికి జవాబు నవీన్ చదివిన ఏ రివ్యూలోనూ లేదు. రాజలక్ష్మి ఫోన్ అందుకుంది.

"నేను గట్ల అడగలేదన్నా. మనిషి ఎట్లున్నడో తెలువాలె అన్న."

"అందరు గట్లనే అడుగుతరక్కా" అన్నాడు ఆగయ్య. "నాది తప్పే. ఏడ నొక్కాల్నో చెప్త, తమ్మిని నొక్కుమను."

ఎక్కడ నొక్కాలో చెప్పాడు. నవీన్ బాణం గుర్తును అక్కడిదాకా తీసుకుపోయి ఆపాడు. "పక్కానా వదినె?"

 మధ్యాహ్నం కుదుటపడిన రాజలక్ష్మి మనసు ఇంకా పూర్తిగా నిలదొక్కుకోనే లేదు. ఎన్నాళ్లకో ఈ ఒక్క పూట ధైర్యంగా ఊపిరి పీల్చుకుంది. ఇలాగే వదిలేస్తే ఇంకో ఏడాది హాయిగా గడిచిపోతుంది, ఆయన నిండుగా నవ్వుతాడు, తను నిండుగా నవ్వుతుంది. అడిగేవాళ్లెవరు? ఆమె చేతిలోని గాజును మళ్లీ తొడుక్కుంది. అది జారి మోచేతికి పోయింది.

"నొక్కు" అంది.

తెర ఒకసారి నల్లబడి వెలిగింది. అక్షరాలు సన్నబడ్డాయి. గాజులు గుండ్రంగా అయ్యాయి. తెర మూలన మెడ ఎముకలు తేలిన ఆడమనిషి ఒకతె కూచుని ఉంది. రాజలక్ష్మి ఆమెను గుర్తుపట్టింది. రోజూ అద్దంలో చూసే మనిషే.

మరుసటి శుక్రవారం ఆడవాళ్లు మళ్లీ వచ్చారు. ఈసారి కంప్యూటర్ చక్కగా చేశామని నవీన్ ముందే చెప్పాడు గానీ, చక్కగా అంటే ఏమిటో వాళ్లకు అర్థం కాలేదు. తెర వెలిగింది. లింగన్న వచ్చాడు.

 చెంపలు లోపలికి పోయాయి. కళ్ల కింద నల్లగా ఉంది. గంగవ్వ చేతిలో బీడీ ఆకు అలాగే ఉండిపోయింది.

"ఏంది, ఇయ్యాల ఎవలు సప్పుడు చేస్తలేరు?" అని లింగన్న హుషారుగా అన్నాడు పాపం. పోయినసారి దొడ్డుగైనవ్ అన్న మాటతో ఇంకా సంబరంగానే ఉన్నాడు.

రాజలక్ష్మి అతన్ని పైనుంచి కిందికి చూసింది. మెడ దగ్గర చూపు ఆగింది.

"గా అంగి లోపట ఇంకో అంగి ఎందుకేసుకున్నవయ్యా?"

లింగన్న చెయ్యి కాలర్ మీదికి పోయింది. "సలి" అన్నాడు.

"షార్జాల?"

"ఏసీల ఉన్న గదా."

"ఇప్పు."

"అందరున్నరే."

"ఉండనీ. ఇప్పు."

లింగన్న అటూ ఇటూ చూశాడు. చిన్నపిల్లాడిలా తలొంచుకొని పై అంగి విప్పాడు. లోపలి అంగిలో భుజాలు హ్యాంగర్‌కు తగిలించినట్టున్నాయి. ఆగయ్య తెరను గుంజితే, ఈయన అంగీ మీద అంగీ తొడిగాడు. అబద్ధం ఇద్దరిదీ ఒకటే, ఆడింది ఇద్దరూ ఆమె సుఖం కోసమే. ఆ సంగతి తెలిసి కూడా రాజలక్ష్మికి కోపం ఆగలేదు, ఏడుపూ ఆగలేదు.

"ఎన్ని దినాలు ఉన్నవ్ దవాఖాన్ల? నిజం చెప్పు."

"నెల దాటింది" అన్నాడు లింగన్న. "ఇప్పుడు తగ్గింది రాజీ. అన్నం పోతలేదు, గంతే. ఇంకొక్క ఏడాది అయితే..."

"ఏడాదైతే నువ్వెంత మిగుల్తవ్?"

 లింగన్న విప్పిన అంగిని ఒళ్లో మడుచుకుంటూ, "నువ్వు గూడ తింటలేవు గదా" అన్నాడు.

"నువ్వస్తె తింట."

"నిజంగ తింటవా?"

"నువ్వు కండ్ల ముంగట ఉంటె తింట. ఫోన్ల చెప్పుడు కాదు, కంచం ముంగటేసుకొని తింట, చూస్తువు గని. ఎప్పుడస్తవ్?"

లింగన్న ముఖం తుడుచుకున్నాడు. "రేపే కంపెనీల అడుగుత. దీపావళి వరకు అచ్చేస్త" అన్నాడు. ఆ మాట అందరూ విన్నారు. ఆ తర్వాతే కరెంటు పోయింది. ఆ రోజుల్లో కరెంటు చేసిన ఒక్క మంచిపని అది.

ఆడవాళ్లు ఒక్కొక్కరే లేచారు. కంప్యూటర్ ఎట్లుందని ఈసారి ఎవరూ అడగలేదు. గంగవ్వ అందరికంటే ముందే చాట చంకనపెట్టుకొని వెళ్లిపోయింది. రాజలక్ష్మికి ఆమె వీపు చూస్తే మనసు చివుక్కుమంది. కొడుకు మొహం నిండిందని ఈ వాడంతా చాటింది ఆమే గదా.

కరెంటు వచ్చిన కాసేపటికి గంగవ్వ గడపలోంచి పిలిచింది. "రాజీ, నీ మరిదిని తోల్కొని జర రా."

ఇద్దరూ పోయారు. కంప్యూటర్ పెట్టి ఉంది. దాని మీద కప్పే పూల గుడ్డ మడిచి పక్కన పెట్టింది. నవీన్ అడక్కుండానే కూచుని, మౌస్ పట్టుకొని, ఆ చోటు వెతికి పట్టాడు. "ఇగో అవ్వా, ఒక్క నిమిషం" అన్నాడు.

గంగవ్వ అతని చెయ్యి పట్టుకుంది.

"నొక్కకు బిడ్డా" అంది. "మా వాడు రెండేండ్ల దాక రాడు. వాని పాస్‌పోర్ట్ సేటు తాననే ఉన్నది. నేను రా అంటె వచ్చేటట్టు లేదు. నొక్కకు. ఏడ నొక్కాల్నో మాత్రం చూపియ్యి. నాకు ధైర్యమైననాడు నేనే నొక్కుకుంట."

నవీన్ వదిన ముఖం చూశాడు.  రాజలక్ష్మి ముందుకొచ్చి గంగవ్వ పక్కన కూచుంది. ఆకు రంగు మరక పట్టిన ఆ వేలిని పట్టుకొని, తెర మీద ఆ చోటిదాకా తీసుకుపోయి, "గిక్కడ అత్తా" అని చూపించింది.